పెళ్లి క్యాసెట్‌కు చవక కార్డు: పది అనుభవ పాఠాలు

పెళ్లిళ్ల సీజన్‌లో వీహెచ్‌ఎస్ కెమెరా భుజాన వేసుకుని ఊళ్లు తిరిగినవాణ్ణి. అప్పటి పెళ్లికూతుళ్ల పిల్లలు ఇప్పుడు వచ్చి, "బాబాయ్ గారూ, అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి, చవకలో ఏ క్యాప్చర్ కార్డు కొనమంటారు?" అని అడుగుతున్నారు. క్యాసెట్‌లో లేని బొమ్మను ఏ కార్డూ తేలేదు. ఉన్న బొమ్మను దారిలో పోగొట్టకుండా కంప్యూటర్‌కు చేర్చడమే దాని పని. మిగతావన్నీ కుదిరితే ఆ పని చవక కార్డు కూడా చేస్తుంది. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు క్యాసెట్ ఏదో చూసుకోండి

అరచేతికి మించిన పెద్ద క్యాసెట్ అయితే వీహెచ్‌ఎస్. ఆడియో క్యాసెట్ కంటే కాస్త చిన్నదైతే వీడియో8 లేదా హై8. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైతే మినీడీవీ. ఈ మూడోదానికి క్యాప్చర్ కార్డు అక్కర్లేదు. దాంట్లో బొమ్మ అప్పటికే డిజిటల్‌గా ఉంది. కెమెరాను ఫైర్‌వైర్ పోర్టుకు తగిలిస్తే ఉన్నదున్నట్టు దిగుతుంది, గంటకు సుమారు 13 జీబీ. దాన్ని పసుపు వీడియో వైరు గుండా పంపి మళ్లీ డిజిటల్ చేయడం చేతులారా బొమ్మను చెడగొట్టుకోవడమే. ఫైర్‌వైర్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఎవరింట్లోనైనా ఉందేమో అడగండి. కొన్ని డిజిటల్8 కెమెరాలు పాత 8 ఎంఎం క్యాసెట్లను (వీడియో8, హై8) కూడా ఆడించి ఫైర్‌వైర్ గుండా పంపుతాయి. అలాంటిది దొరికితే హై8కీ కార్డు కొనక్కర్లేదు.

2. డబ్బు మొదట వీసీపీ మీద పెట్టండి

వీసీపీ అంటే క్యాసెట్ ఆడించే పెట్టె, రికార్డు కూడా చేసేదైతే వీసీఆర్. వీసీఆర్లను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. రబ్బరు బెల్టు సాగి ఉంటుంది, రోలరు గట్టిపడి ఉంటుంది, హెడ్డుకు మురికి పట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, మీ ఊళ్లో అయితే పాత టీవీ మెకానిక్ దగ్గర విచారించండి. వీసీపీ చేతికొచ్చాక మొదట ఎవరికీ అక్కర్లేని సినిమా క్యాసెట్ వేసి టీవీలో చూడండి. టేపు నలగకుండా బయటికొస్తేనే పెళ్లి క్యాసెట్ లోపలికి వెళ్లాలి. హెడ్డు తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పోగులు రాలని గుడ్డను కదలకుండా ఆనించి, డ్రమ్మును చేత్తో తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల అసలే వద్దు, పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి.

3. బూజు పట్టిన క్యాసెట్ వీసీపీలో పెట్టొద్దు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ తిప్పలు ఎక్కువ. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తుంది. అది వీసీపీలోకి వెళితే హెడ్డు మూసుకుపోతుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి, బూజు తీయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. బాగున్న క్యాసెట్‌నైనా ఆడించేముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తేవాలి. ఏళ్ల తరబడి అతుక్కున్న చుట్లు విడిపోతాయి.

4. పెట్టె మీది 4కే అక్షరాలకు డబ్బు ఇవ్వొద్దు

వీహెచ్‌ఎస్ బొమ్మలో అడ్డంగా చూస్తే సుమారు 240 లైన్ల వివరమే ఉంటుంది. మన పాల్ పద్ధతిలో దాన్ని 720×576 సైజులో, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పట్టుకుంటే చాలు. ఏమీ కుదించకుండా పంపినా అది సెకనుకు 166 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు 480. కాబట్టి మామూలు యూఎస్‌బీ 2.0 కార్డు సరిపోతుంది.

4కే అని రాసి అమ్మే చవక డాంగిల్ హెచ్‌డీఎంఐది. చాలావాటిలో 4కే సిగ్నల్ లోపలికి వెళ్తుందే గాని, బయటికి వచ్చేది కుదించిన 1080 బొమ్మే. దాని కోసం ఏవీ వైర్లను హెచ్‌డీఎంఐగా మార్చే ఇంకో డబ్బా కొంటే, చాలావరకు అది 4:3 బొమ్మను వెడల్పు తెరకు సాగదీస్తుంది. పెళ్లినాడు సన్నగా ఉన్న మీ నాన్న కంప్యూటర్‌లో బొద్దుగా కనిపిస్తాడు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు నేరుగా తీసుకునే కార్డే కావాలని అడగండి.

5. పేరు కాదు, లోపలి చిప్ ముఖ్యం

ఈజీక్యాప్ పేరుతో వెయ్యి రూపాయల లోపే దొరికే డాంగిల్స్ అన్నీ ఒకటి కావు. పైన ప్లాస్టిక్ ఒకటే, లోపల మాత్రం ఎస్‌టీకే1160, ఈఎం2860, యూటీవీ007 ఇలా ఏదైనా ఉండొచ్చు. ఒక చిప్ డ్రైవర్ ఇంకో చిప్‌కు పనిచేయదు. స్నేహితుడి దగ్గర బాగా నడిచిందని అదే పెట్టె కొనుక్కొస్తే మీ దగ్గర నడవకపోవచ్చు. అందుకే వాపసు తీసుకునే చోటే కొనండి, కొన్న వారంలోనే పరీక్షించండి. మీ విండోస్‌కు డ్రైవర్ లేకపోతే లైనక్స్‌లో పెట్టి చూడండి. ఈ చిప్‌లలో చాలావాటికి డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంది. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే హాపాగ్ యూఎస్‌బీ-లైవ్2 లాంటి పేరున్న కార్డు చూడండి. అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే మూత తీయండి. అందులోని బీటీ878 చిప్ టీవీ ట్యూనర్ కార్డు కూడా ఈ పనికి ఉపయోగపడుతుంది, ఖర్చు లేదు.

6. వైర్లు, సౌండు

కార్డును యూఎస్‌బీ హబ్‌కు కాకుండా కంప్యూటర్ వెనక పోర్టుకే నేరుగా పెట్టండి. మీ కెమెరాకు ఎస్-వీడియో పిన్ ఉంటే అదే వాడండి. వెలుగూ రంగూ విడివిడిగా వస్తాయి కాబట్టి బొమ్మ తేటగా ఉంటుంది. చాలా వీసీపీల్లో సౌండు పిన్ ఒకటే. ఒక స్పీకర్‌లోనే వినిపిస్తోందని కార్డును తిట్టకండి. బొమ్మ మీద చారలు పాకుతూ, సౌండులో గుర్రుమంటుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. చారలు పోతే తప్పు ఎర్తింగ్‌ది.

7. అమెరికా క్యాసెట్ వేరు

అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది: 525 లైన్లు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. కార్డులు రెండు పద్ధతులూ తీసుకుంటాయి గాని, సాఫ్ట్‌వేర్‌లో మీరు మార్చాలి. మార్చకపోతే బొమ్మ నలుపుతెలుపుగానో, చిరిగిపోయినట్టుగానో వస్తుంది. ఇంకో చిక్కు ఉంది. ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్‌ను పాల్ టీవీలో చూపించే మన వీసీపీలు చాలావరకు పాల్-60 అనే మధ్యరకం సిగ్నల్ ఇస్తాయి. కార్డు సెట్టింగుల్లో ఆ పేరు ఉందో లేదో కొనేముందే కనుక్కోండి.

8. గట్టిమేళం దగ్గర పరీక్షించండి

గంట వీడియో అంటే 90,000 ఫ్రేములు. చవక కార్డులో లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది. నడుమ ఫ్రేములు జారిపోయి, సౌండు బొమ్మకు ముందో వెనకో నడుస్తుంది. మంగళసూత్రం కట్టేటప్పుడు డోలు మీద పుల్ల పడడం, చప్పుడు వినిపించడం ఒక్కసారే జరగాలి. మొదట్లో ఎదురుకోళ్ల బాజా దగ్గర, చివర్లో అప్పగింతల దగ్గర కూడా అలాగే చూడండి. మొదట్లో కలిసి చివరికి విడిపోతే ఫ్రేములు పోతున్నట్టే. జారిన ఫ్రేములెన్నో వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్ అంకెల్లో చూపిస్తుంది, అది ఉచితం.

ఫ్రేములు జారినంత మాత్రాన కార్డు పారేయకండి. పాత టేపు సిగ్నల్ వణుకుతుంటుంది. టీవీ దాన్ని ఓర్చుకుంటుంది, కార్డు ఓర్చుకోదు. వీసీపీకీ కార్డుకూ మధ్య పాత డీవీడీ రికార్డర్‌ను పెట్టి, సిగ్నల్ దాని గుండా పంపితే కొన్ని మోడళ్లలో వణుకు బాగా తగ్గుతుంది. ఇంకో మాట: కార్డును సినిమా క్యాసెట్‌తో పరీక్షించకండి. కొన్నిట్లో కాపీని అడ్డుకునే మాక్రోవిజన్ ఉంటుంది, వెలుతురు పెరుగుతూ తగ్గుతూ వస్తుంది.

9. డిస్కులో చోటు చూసుకోండి

కుదించకుండా దాస్తే గంటకు 74 జీబీ పైన. హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని పద్ధతిలో 30 జీబీ అటూఇటూ. సెకనుకు 10 మెగాబిట్ల హెచ్.264లో నాలుగున్నర జీబీ. ఇంట్లో చూసుకోవడానికి మూడోది చాలు. కదిలే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ యాడిఫ్ 2ఎక్స్ పెట్టి, 50 ఫ్రేములకు మార్చండి. ఇంట్లో పాత వీసీడీ ఉందని క్యాసెట్‌ను వదిలేయకండి. వీసీడీ బొమ్మ 352×288, అంటే దాదాపు నాలుగో వంతు.

10. రెండు క్యాసెట్లే ఉంటే ఏమీ కొనొద్దు

వీసీపీ, కార్డు, వైర్లు, మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటల కాపలా. ఇవన్నీ లెక్కేస్తే, పది క్యాసెట్లున్న ఇంటికే సొంత సరంజామా గిట్టుబాటు. రెండే ఉంటే షాపుకు ఇవ్వండి. ఇచ్చేముందు మూడు అడగండి: ఫైలు ఏ సైజులో ఇస్తారు? సెకనుకు ఎన్ని మెగాబిట్లు? బొమ్మ 4:3లోనే ఉంటుందా, సాగదీస్తారా? సూటిగా చెప్పేవాడికి ఇవ్వండి. నసిగితే క్యాసెట్ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేయండి.