పోయిన వారం ఎన్ని గంటలు పనిచేశారు?

శ్రామిక సర్వేలలో అన్నిటికన్నా తేలికగా కనబడి, అన్నిటికన్నా తికమక పెట్టే ప్రశ్న ఇదే. ఆఫీసు గుమాస్తాను అడిగితే తడుముకోకుండా "రోజుకు ఎనిమిది" అంటాడు. అది ఆయన చేసిన పని కాదు, ఆఫీసు నియమం. మన ఓడరేవులో సరుకు దించే కళాసీని అడగండి. "గంటలేటి బాబూ, నిన్నొక షిఫ్టు, మొన్న డబుల్" అంటాడు. సర్వే చేసేవారు షిఫ్టును ఎనిమిదితో హెచ్చవేసి రాసుకుంటారు. ఆ అంకె మనిషి చెప్పిందా, ఎక్కం చెప్పిందా?

క్రేను చెడిపోయి రెండు గంటలు నీడన కూర్చున్నాడనుకుందాం. అది పనేనా? 2008లో జెనీవాలో సమావేశమైన అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తలు పనేనని తేల్చారు. భోజన విరామమూ, ఇంటినుంచి రాకపోకలూ పనిగంటలు కావన్నారు. బాగానే ఉంది. కాని ఆ నిర్వచనం కళాసీకి ఎవరు చెప్పారు? ఒకడు ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లెక్కిస్తాడు, ఇంకొకడు మూట మోసిన సేపే పనంటాడు.

మన దేశంలో ఈ లెక్క చాలాకాలం మొరటుగానే సాగింది. 1972-73 నుంచి నేషనల్ శాంపిల్ సర్వే దినవారీ పద్ధతిలో నాలుగు గంటలూ ఆపైన పనిచేస్తే పూర్తి రోజు, గంటకు తగ్గకుండా నాలుగు లోపైతే అరరోజు. అంటే నాలుగు గంటలవాడూ, పన్నెండు గంటలవాడూ ఒక్కటే! 2017లో మొదలైన కొత్త శ్రామిక సర్వే వారంలో ఏరోజుకారోజు గంటలు అడుగుతోంది. మంచి మార్పే. అయితే స్టీలు ప్లాంటులో రాత్రి షిఫ్టు చేసొచ్చినాయన పగలు నిద్రపోతుంటే జవాబు ఇల్లాలు చెప్పవలసిందే. "మరి మీ సంగతేమిటమ్మా?" అంటే, "నాకు పనేటుంది బాబూ" అంటుందామె, అంట్లు తోముతూ.

అమెరికాలో జాన్ రాబిన్సన్ 1994లో జనం నోటిలెక్కనూ, దినచర్య పుస్తకాలనూ పోల్చి చూశాడు. ఎక్కువ గంటలు చెప్పుకున్నవారి దగ్గరే తేడా ఎక్కువగా తేలింది. మన దగ్గర తేడా అటే మొగ్గుతుందని నేననుకోను. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టి, దాటితే రెట్టింపు కూలి ఇమ్మంది. షిఫ్టంటే ఎనిమిదేనని రాసేస్తే, ఆపైన చేసిన గంట కూలి లెక్కలోనే కాదు, దేశం లెక్కలో కూడా ఉండదు.

2019 కాల వినియోగ సర్వే తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట చొప్పున ఏయే పనులు చేశారో అడిగింది. ప్రాజెక్టు పనికి వెళ్ళే మన విద్యార్థులూ అలాగే అడగవచ్చు. ఫిషింగ్ హార్బరు దగ్గర చేపలమ్మే ఆమెను "ఎన్ని గంటలు?" అనకండి. ఇంటినుంచి ఎప్పుడు బయల్దేరారు, పడవ ఎప్పుడొచ్చింది, గంప ఎప్పుడు ఖాళీ అయింది, ఏ బస్సుకు తిరిగొచ్చారు? కూడిక మనం చేసుకుందాం.