కెమెరా ఎక్కడికీ పోలేదమ్మా!

చెల్లెళ్లూ, ఈమధ్య చాలా ఇళ్లలో ఇదే గోల. ఇంటర్నెట్ కనెక్షన్ మారుస్తాం, కొత్త రౌటర్ వస్తుంది. టీవీ, ఫోన్లు అన్నీ బాగానే నడుస్తాయి. గుమ్మం దగ్గరి సీసీ కెమెరా మాత్రం పలకదు. ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మ కోసం పెట్టించిందైతే ఇక మనసు ఊరుకుంటుందా! ఎవరినడిగినా ‘రీసెట్ కొట్టేయండి’ అంటారు. తొందరపడకండి. రీసెట్ కొడితే పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి.

అసలు జరిగేదేమిటంటే, ఫోన్లు రౌటర్‌ని అడిగి ఐపీ అడ్రస్ తీసుకుంటాయి. కెమెరాకి మాత్రం బిగించినతను 192.168.1.64 లాంటి అడ్రస్ ఒకటి దాంట్లోనే రాసిపెట్టి ఉంటాడు. అదే స్టాటిక్ ఐపీ. కొత్త రౌటర్ 192.168.0 వరసలో ఉంటే, పాత వరసలోని కెమెరాకీ దానికీ మాటలుండవు. అడ్రస్ కావాలని అడగలేదు కాబట్టి రౌటర్ పంచిన అడ్రసుల జాబితాలోనూ దాని పేరుండదు.

పాత రౌటర్ వరస గుర్తుంటే సగం పని అయినట్టే. కెమెరా తగిలించిన స్విచ్‌కే ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలపండి. ల్యాప్‌టాప్‌కి 192.168.1.50 అడ్రసు, 255.255.255.0 సబ్‌నెట్ మాస్కు మీరే ఇచ్చి, ఎన్‌మ్యాప్ లాంటి ఉచిత స్కానర్‌తో ఆ వరసలో 1 నుంచి 254 దాకా వెతికించండి. కనబడినవాటిలో ఏ మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) కెమెరాకి అంటించిన స్టిక్కర్ మీదున్నదానితో కలిస్తే అదే మనది.

వరస కూడా తెలియదా? అయినా దారుంది. నెట్‌వర్క్‌లో తిరిగే మాటల్ని చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ తెరిచి, ఏఆర్‌పీ మాటలు (పరికరాలు ‘ఈ అడ్రస్ ఎవరిది?’ అని అడిగేవి) మాత్రమే కనబడేలా ఫిల్టర్ పెట్టి, కెమెరాకి కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. లేస్తూనే అది సాధారణంగా తన పాత రౌటర్ని పిలుస్తుంది: ‘192.168.1.1 ఎవరు? 192.168.1.64కి చెప్పండి’ అని. ఆ రెండోదే దాని అడ్రస్! ఈ ఏఆర్‌పీ 1982లో రాసిన పద్ధతి, ఇప్పటికీ ఇంటింటా నడుస్తోంది.

ఇక ల్యాప్‌టాప్‌ కెమెరా వరసలో లేకపోతే దాన్ని ఆ వరసలోకి మార్చి, బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, కెమెరాని డీహెచ్‌సీపీకి, అంటే ఫోన్లలా రౌటర్‌ని అడిగి అడ్రస్ తీసుకునే పద్ధతికి, మార్చేయండి. తర్వాత రౌటర్ సెట్టింగుల్లో దాని మ్యాక్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేయండి. అప్పుడు అడ్రస్ మారదు, జాబితాలోనూ కనబడుతుంది. మళ్లీ రౌటర్ మార్చినా కెమెరా కొత్తదాన్ని అడిగి అడ్రస్ తెచ్చుకుంటుంది.

ఒక్క మాట మాత్రం మరవకండమ్మా. మన ఇంటి కెమెరా వివరాలు బిగించినతని దగ్గరే ఉండిపోతే, అతను ఫోనెత్తని రోజున మనకి దిక్కుండదు. బిగించిన రోజే అడ్రసు, పాస్‌వర్డు అడిగి తీసుకోండి. కరెంటు బిల్లులు దాచుకునే ఫైల్లో రాసి పెట్టుకోండి.