జక్కయ్య లెక్క



1878 జూలై 3న ఒంగోలు మిషను వారు వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఈ సంఖ్య మనకు కంఠతా వచ్చును. అంతకుముందు కరవులో, బకింగ్‌హాం కాలువ పనికి కూలి దొరకుచుండగా, క్లౌ దొరగారు ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు ఆపిన సంగతి అంతగా చెప్పుకొనము. గింజల కొరకు ఎవరును సంఘములో చేరరాదని ఆయన ఉద్దేశము.

లోపలి మార్పు దేనివలన తెలియును? జక్కయ్యకైతే (లూకా 19:8) పాటలో కాదు, డబ్బు లెక్కలో తెలిసెను.

కోరాపుట్, రాయగడలలో స్థిరపడిన మనలో సంత వ్యాపారము చేయువారున్నారు. గిరిజన సహోదరుడు చోళ్ళు, చింతపండు తెచ్చినప్పుడు కొనుటకొక కాటా, అమ్ముటకొక కాటా వాడుచున్నామా? అతడు గుమ్మములోనికి వచ్చిన యెడల కుర్చీ వేయుచున్నామా? ఈ వారము కుటుంబ ప్రార్థనలో పిల్లల యెదుటనే దీనిని మాటలాడుకొందము.