బిగిసిన పిన్ను

పఠన భాగము: గలతీయులకు 6:1–5, ఎఫెసీయులకు 4:26–32

మాస్సీ ఫెర్గూసన్ 35 వంటి పాత ట్రాక్టరులకు బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే యుండును. కుడి చక్రమునకొక పెడలు, ఎడమ చక్రమునకొక పెడలు. పొలములో మలుపు తిరుగునప్పుడు ఒకదానినే త్రొక్కుదురు. రోడ్డు మీద రెండింటిని కొక్కెముతో జతపరచి త్రొక్కవలెను. పెడలును బ్రేకు కడ్డీతో కలుపునది ఒక చిన్న ఇనుప పిన్ను. అది బిగిసినయెడల ఒక చక్రము ఆగును, రెండవది ఆగదు; బండి ప్రక్కకు లాగి బోల్తాపడవచ్చును. తోలువాని ప్రాణము ఇంత చిన్నదానిపై ఆధారపడియున్నది.

1. అది ఎట్లు బిగిసెను?

ఎవరును దానిని కొట్టలేదు. బండి చాలకాలము ఆరుబయట నిలిచియుండగా గ్రీజు ఎండెను, తేమ చేరెను. త్రుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావున పిన్నుకును రంధ్రమునకును నడుమనున్న సందు పూడిపోవును. సహోదరుల మధ్య జరుగునదియు ఇదే. పెద్ద తగవేమియు లేదు. పలుకరింపు మానిరి, అంతే. ఇద్దరును ఒకే బల్లయొద్ద పాలుపొందుదురు గాని సంఘము ఒక ప్రక్కకు లాగుచుండును.

2. సుత్తి ఏమి చేయును?

తొందరపడువాడు వెంటనే సుత్తితో మోదును. పిన్ను కొన పుట్టగొడుగువలె విచ్చుకొనును. ఇక అది రంధ్రముగుండ రానేరదు. పదిమందిలో గద్దింపబడిన సహోదరుడును అట్లే మరింత బిగియును. ప్రభువు మొదట ఒంటరిగా వెళ్లుమనెను (మత్తయి 18:15).

3. ఓర్పు గలవాడు ఏమి చేయును?

బండి తనమీదికి దొర్లకుండ ముందు చక్రములకు దిమ్మలు పెట్టును. దిద్దబోవువాడు మొదట తన్ను తాను చూచుకొనవలెనని పౌలు చెప్పుటయు ఇందుకే. పిదప స్ప్రింగు విప్పి పిన్ను మీది లాగుడు తీసివేయును. స్ప్లిట్ పిన్ను లాగి, వైరు బ్రష్షుతో త్రుప్పు రాల్చి, పలుచని నూనె పోసి రాత్రియంతయు విడుచును. ఉదయమున మరల పోయును. పిన్నును కొద్దికొద్దిగా ఇటు అటు త్రిప్పును. అది కదలిన పిమ్మటనే, పెడలు వంగకుండ వెనుకనుండి బరువైన ఇనుము ఆనించి, ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా తట్టును.

అయితే నూనె బ్రేకు లైనింగుకు తగులకుండ గుడ్డ అడ్డము పెట్టును. నూనె తడిసిన లైనింగు పట్టదు. సాత్వికము తప్పును కప్పిపుచ్చుట కాదు. పిన్ను బయటికి రావలసినదే. అయితే విరుగక రావలెను.

4. తరువాత?

రంధ్రమును శుభ్రపరచి, క్రొత్త పిన్నుకు గ్రీజు పూసి, క్రొత్త స్ప్లిట్ పిన్ను వేయవలెను. రెండు పెడలులును సమముగా పట్టుచున్నవో లేదో పొలములో నెమ్మదిగా నడిపి చూచినగాని రోడ్డెక్కరాదు. ఆ మీదట గ్రీజు మానరాదు. సూర్యుడస్తమింపక మునుపే కోపము విడువుమను ఆజ్ఞ మన అనుదిన గ్రీజు.

ఆలోచించుడి: నేను పలుకరింపక మానిన సహోదరుడెవరు? అతనియొద్దకు సుత్తితో వెళ్లుచున్నానా, నూనెతోనా?

ప్రార్థన: ప్రభువా, మా మధ్య పేరుకొనిన త్రుప్పును నీ ఆత్మచేత కరిగించుము. ఆమేన్.