భాష నేర్పే సెంటర్లకు డబ్బు కట్టవచ్చా?

(పెద్దలూ పిల్లలూ కలిసి చదవవలసిన పాఠం)

మా బడికి పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో చేరితే లాభం ఉంటుందా? అరబిక్ క్లాసుకు డబ్బు కట్టమంటారా?"

షినాస్ చిన్న ఊరు. సోహార్ వెళ్ళాలంటే యాభై అరవై కిలోమీటర్లు, మస్కట్ అయితే రెండు వందల యాభై పైమాటే. అంటే ఫీజుతో పాటు పెట్రోలు ఖర్చు, వారానికి ఒక సెలవు రోజు కూడా పోతాయి. ఇక్కడ కట్టే ప్రతి రియాలూ ఊళ్ళో అమ్మానాన్నలకు పంపవలసిన దాంట్లోంచో, ఇంటి లోను వాయిదాలోంచో తీసేదే. కాబట్టి ఈ సంగతి కాస్త లెక్క వేసి చూద్దాం.

ముందు ఒక లెక్క

ఒక సెంటర్లో 3 నెలల కోర్సు ఉందనుకోండి. వారానికి 2 రోజులు, రోజుకు గంటన్నర. 12 వారాలకు 24 క్లాసులు, మొత్తం 36 గంటలు. ఇప్పుడు ఇంకో అంకె చూడండి. ఐరోపా దేశాలు 2001లో ప్రకటించిన పద్ధతిలో భాష వచ్చిన తీరును ఏ1 నుంచి సీ2 వరకు 6 మెట్లుగా విభజించారు. ఇంగ్లీషు బొత్తిగా రానివారు రెండో మెట్టు ఏ2 చేరడానికే 180 నుంచి 200 గంటల బోధన కావాలని కేంబ్రిడ్జి పరీక్షల సంస్థ అంచనా. నాలుగో మెట్టు బీ2 చేరాలంటే 500 నుంచి 600 గంటలు. మన 36 గంటలు ఆ 180లో ఐదో వంతు! మూడు నెలల్లో గడగడా మాట్లాడిస్తామనే బోర్డును ఈ లెక్కతో చదవాలి.

ఇంకొక లెక్క. క్లాసులో 20 మంది ఉన్నారు. గంటన్నరలో సగం టీచరే మాట్లాడితే మిగిలేది 45 నిమిషాలు. తలా రెండు నిమిషాల చిల్లర! 24 క్లాసులూ కలిపినా ఒక్కొక్కరు నోరు విప్పేది 54 నిమిషాలు. అదే 6 మంది ఉంటే ఒక్కొక్కరికి 3 గంటలు వస్తుంది. అందుకే ఫీజు ఎంత అని అడిగే ముందు క్లాసులో ఎంతమంది అని అడగాలి.

డబ్బుతో వచ్చేది, రానిది

మంచి సెంటరు మూడు వస్తువులు ఇస్తుంది. ఒకటి, మన తప్పు వెంటనే చెప్పి దిద్దే మనిషి. రెండు, తప్పకుండా వెళ్ళవలసిన ఒక వేళ. మూడు, పరీక్ష రాయవలసి ఉంటే దాని పద్ధతి. ఈ మూడూ విలువైనవే. కానీ రోజూ ఆ భాషలో వినడం, మాట్లాడడం, చదవడం డబ్బుతో రాదు. ఆ పని మనమే చేసుకోవాలి. సెంటరు వంట నేర్పుతుంది గానీ రోజూ పొయ్యి వెలిగించవలసింది మనమే కదా!

ఎవరికి అవసరం?

1. పరీక్ష ఉన్నవారికి: బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసేవారికి వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఆ ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. జర్మనీలో నర్సులకు సాధారణంగా జర్మన్‌లో బీ2 కావాలి. ఇలాంటి వారికి శిక్షణ ఫీజు దండగ కాదు. ముఖ్యంగా రాసిన వ్యాసాన్ని దిద్దేవారు లేకుండా ఆ 6.5 దాటడం కష్టం. అయితే ముందుగా ఉచిత నమూనా పరీక్ష ఒకటి ఇంట్లో రాసి, ఎక్కడ తక్కువ వస్తోందో చూసుకుని, ఆ భాగానికే డబ్బు పెట్టండి.

2. పనికోసం అరబిక్ కావలసినవారికి: ఇక్కడ ఒక చిక్కుంది. చాలా పుస్తకాలు, క్లాసులు నేర్పేది ఫుస్‌హా, అంటే పత్రికల, వార్తల అరబిక్. సూక్‌లో వినబడేది వేరు. "ఇప్పుడు" అనడానికి పుస్తకంలో "అల్ ఆన్", వీధిలో "అల్‌హీన్". కాగితాలు చదవాలంటే ఫుస్‌హా క్లాసు మంచిదే. షాపులో, వర్క్‌షాపులో మాట్లాడడానికే అయితే తోటి ఒమానీ మిత్రుడితో రోజూ పావుగంట మాట్లాడడం మేలు. అది ఉచితం!

3. ధైర్యం చాలక ఇంగ్లీషు మాట్లాడనివారికి: వీరిలో చాలామందికి వ్యాకరణం వచ్చు, నోరే రాదు. చిన్న బృందం దొరికితేనే చేరండి. లేకపోతే నలుగురు కలిసి వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి.

తక్కువ ఫీజంటే తక్కువ చదువు అనుకోనక్కరలేదు. హైదరాబాదు దోమలగూడలోని రామకృష్ణ మఠం వారి వివేకానంద భాషా సంస్థ 1979 నుంచి ఇంగ్లీషు, హిందీ, సంస్కృతంతో పాటు విదేశీ భాషలు కూడా కొద్దిపాటి ఫీజుతో నేర్పుతోంది. సెలవులకు ఇండియా వెళ్ళే విద్యార్థులు ఇలాంటి చోట్ల విచారించడం మంచిది.

చేరే ముందు అడగండి

- క్లాసులో ఎంతమంది? టీచరు మధ్యలో మారతారా?
- చేరేటప్పుడూ ముగిసేటప్పుడూ పరీక్ష పెట్టి స్థాయి చెబుతారా?
- ఒక క్లాసు ఉచితంగా చూడనిస్తారా?
- ఫీజు నెలనెలా కట్టవచ్చా? మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు? ఆ మాట రసీదు మీద రాసి ఇస్తారా?
- నడపడానికి ప్రభుత్వ అనుమతి ఉందా?

ఆన్‌లైన్ క్లాసులకూ ఇవే ప్రశ్నలు. రోడ్డు ఖర్చు ఒక్కటే తగ్గుతుంది.

పిల్లలకు

అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పిస్తుంది. ఇంగ్లీషు మాతృభాష అయిన ఆ ఉద్యోగులకు అరబిక్ నేర్పడానికి 2200 క్లాసు గంటలు పడుతుందని వారి లెక్క. మరి తెలుగుకో? 1100 గంటలు! అంత ఖర్చు పెట్టి వాళ్ళు నేర్చుకునే భాషను మీకు ఇంట్లో అమ్మానాన్నలు ఉచితంగా ఇస్తున్నారు. రోజుకు ఒక గంట తెలుగులో మాట్లాడితే మూడేళ్ళకు 1095 గంటలు. అంటే దాదాపు ఆ కోర్సంతా! తల్లిదండ్రులకు మా మనవి కూడా ఇదే. స్కూల్లో రోజంతా ఇంగ్లీషులో చదివే పిల్లవాడికి మళ్ళీ ఇంగ్లీషు కోచింగ్ కట్టే ముందు, ఇంట్లో ఆ ఒక్క గంట తెలుగు ఉందో లేదో చూడండి. ఆ గంట పోతే తాతయ్యతో ఫోనులో మాట్లాడించడానికి తరువాత ఏ సెంటరూ దొరకదు.

అభ్యాసం

1. దుకాణం, జవాబు, తారీఖు, ఖాళీ. ఈ మాటలు అరబిక్‌లోనూ ఉన్నాయి: దుక్కాన్, జవాబ్, తారీఖ్, ఖాలీ. ఇలాంటి మాటలు ఇంకో మూడు మీ ఒమానీ స్నేహితులను అడిగి రాయండి.
2. వారానికి 4 గంటల చొప్పున 2200 గంటలు పూర్తి కావడానికి ఎన్ని వారాలు? అవి ఎన్నేళ్ళు?
3. నిన్న మీ ఇంట్లో తెలుగులో ఎన్ని నిమిషాలు మాట్లాడుకున్నారు? నాన్నగారితో కలిసి లెక్క వేయండి.

జవాబులు రాసి వచ్చే వారం బడికి తీసుకురండి. అందరం కలిసి చదువుకుందాం.