మీ నాన్న గదికి రంగు వేసే ముందు



అల్లుడూ, నువ్వు పంపిన ఫోటో రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. సూరత్ పర్వత్ పాటియా రూములో మీ నాన్న మంచం పక్క గోడ. క్యాలెండరు తీసిన చోట తెల్లటి చదరం, చుట్టూ అంతా టీ డికాషన్ రంగు. బావ ముప్పై ఏళ్ళు ఆ మూలనే కూర్చున్నాడు. మరమగ్గం సాంచాల మీద రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ముందు బీడీ ముట్టించి, తర్వాతే స్నానానికి లేచేవాడు. ఇక్కడ సిరిసిల్లలో మీ నాయనమ్మ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టింది, అక్కడ ఆమె కొడుకు వాటినే కాల్చాడు. మన పద్మశాలి ఇళ్ళల్లో చాలావాటిది ఇదే కథ.

దీపావళి సెలవుల్లో రెండు కోట్లు ఎమల్షన్ కొట్టేస్తే సరిపోతుందంటున్నావు. సరిపోదు బిడ్డా. సాంచాలు వదిలి బ్రష్ పట్టిన కొత్తలో అక్కడే ఉధనాలో ఒక ఫ్లాటుకు నేనూ అలాగే కొట్టాను. సాయంత్రానికి గోడలు పాలలా మెరిశాయి. మూడో వారం ఇంటాయన పిలిచి చూపించాడు. స్లాబు నిండా గోధుమరంగు మచ్చలు, ఫ్యాను చుట్టూ మరీ ఎక్కువ. రంగు నాసిరకమని దుకాణంవాడితో గొడవ పడ్డాను. తప్పు అతనిది కాదు, నాది. ఆ పనంతా నా సొంత ఖర్చుతో మళ్ళీ చేశాను.

ఎందుకలా అయిందో చెబుతాను. పొగలోని తారు, నికోటిన్ గోడ మీద జిగటగా పేరుకుంటాయి. వేడి పొగ పైకి పోతుంది కాబట్టి గోడకన్నా స్లాబుకు ఎక్కువ పడుతుంది. ఎమల్షన్‌లో ఉండేది నీళ్ళు. ఆ నీళ్ళు పాత జిగటను కరిగిస్తాయి. రంగు ఆరేటప్పుడు నీళ్ళతోపాటు ఆ పసుపు కూడా పైకి వస్తుంది. నాలుగు కోట్లు వేసినా నాలుగుసార్లూ వస్తుంది. నీళ్ళతో కలిపే మామూలు ప్రైమర్ వేసినా ఇదే గతి.

కాబట్టి ముందు కడగాలి. మెయిన్ స్విచ్ ఆపు. బకెట్ గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు బట్టల సోడా కలుపు, చేతులకు రబ్బరు గ్లౌజులు తొడుగు. స్లాబు అయ్యాక గోడలు మొదలుపెట్టు. గోడను మాత్రం కింది నుంచి పైకి కడుగు. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు ఎండు గోడ మీద కారి, ఆ చారలు ఓ పట్టాన పోవు. నీళ్ళు బీడీ రంగులో దిగుతాయి, బకెట్ మార్చుతూ ఉండు. ఆ తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు తుడువు. సోడా మిగిలితే పైన వేసే కోటు పట్టదు.

పాత గోడకు ఉన్నది డిస్టెంపర్ అయితే సంగతి వేరు. తడి చేత్తో రుద్ది చూడు. అరచేతికి సుద్దలా అంటితే అది కడిగేకొద్దీ ఊడుతుంది. దాన్ని తడిపి, పట్టీ బ్లేడుతో మొత్తం గీకెయ్యి. పాత తలుపుల ఎనామిల్‌ను మాత్రం పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దకు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మీ తలుపులు అంతకన్నా పాతవి, రుద్దిన దుమ్ములో సీసం ఉండొచ్చు.

ఇంకో మాట. మీది కింది అంతస్తు. వానాకాలం ఖాడీ కాలువ పొంగితే పర్వత్ పాటియా గల్లీల్లో నీళ్ళు నిలవడం నాకు తెలియనిది కాదు. కింది నుంచి పైకి ఎగబాకి, తెల్లటి ఉప్పు పొడి రాలే మరక పొగది కాదు, చెమ్మది. దాని మీద ఏ ప్రైమర్ వేసినా పొరలుగా లేస్తుంది. చెమ్మ పూర్తిగా ఆరనివ్వు, అవసరమైతే ఆ గోడను ఈ ఏటికి వదిలెయ్యి.

కడిగి ఆరిన గోడకు తార్పిన్‌తో కలిపే ఆయిల్ ప్రైమర్ వేసి, ఒక రోజు ఆరనివ్వు. మరక మరీ గట్టిదైతే లక్క ప్రైమర్ దీనికన్నా మేలు. వడ్రంగులు తలుపులకు పట్టించే పాలిష్‌లోని లక్కే అది, మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టేది. స్పిరిట్‌లో కరిగించి పూస్తే గంటలోపే ఆరి, తారును కిందనే బంధిస్తుంది. స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించకు, దేవుడి దీపం కూడా వద్దు. కిటికీలన్నీ తెరిచి ఉంచు. తర్వాత ముందుగా అరచేతి మేర ఎమల్షన్ వేసి రెండు రోజులు చూడు. పసుపు రాకపోతేనే డబ్బాలు కొను.

కోడలి సంగతి. నెలలు నిండుతున్న పిల్ల ఈ గీకుళ్ళ దుమ్ములో, ఈ వాసనల్లో ఉండకూడదు. ఎలాగూ పుట్టింటికి రావాల్సిందే, పని మొదలుకాకముందే బండెక్కించు. పురిటి బిడ్డతో ఆమె తిరిగి వచ్చేది ఆ గదికే. 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఒక సంగతి తేల్చారు. గదిలో అంటుకున్న నికోటిన్, గ్యాస్ పొయ్యిల నుంచి, బండ్ల పొగ నుంచి వచ్చే నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ తెచ్చే పదార్థాలుగా మారుతుందట. పొగ పోయాక కూడా అవి గోడల్లో, పరుపుల్లో ఉండిపోతాయి. పాకే పిల్లలు నేలనూ గోడనూ తాకి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటారు. అందుకే మీ నాన్న పరుపు, ఆ పాత పరదాలు ఉంచకు. ఆయన జ్ఞాపకంగా ఆయన మగ్గం కత్తెర ఉంది కదా, అది దాచుకో.

నువ్వూ అప్పుడప్పుడు కాలుస్తావని అక్క చెప్పింది. తిట్టడానికి రాయడం లేదు. బావ చివరి ఏడాది దగ్గు నేను పక్కనుండి విన్నాను. రంగు ఆరిన రోజు నుంచి ఆ గుమ్మం లోపల నువ్వు గానీ, వచ్చిన చుట్టం గానీ బీడీ, సిగరెట్ ముట్టించవద్దు. ఈ ఒక్క మాట నా కోసం నిలబెట్టు.

ఇట్లు,
మీ మామ