వయసు మీరిన వారి సంరక్షణ – సిబ్బందికి తెలియవలసినవి, మీరు అడగవలసినవి

"వయసైపోయింది, ఇంకేం చేస్తాం?" అనే మాట ఇళ్లలోనూ, అప్పుడప్పుడు ఆసుపత్రి వార్డుల్లోనూ వినిపిస్తుంది. అదే మాట నర్సమ్మ నోట వస్తే కుటుంబం ఆశ వదులుకుంటుంది. వృద్ధాప్యం వేరు, జబ్బు వేరు. మూత్రం ఆపుకోలేకపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం, పదే పదే పడిపోవడం వంటి వాటికి కారణం వెతకాలి. చాలాసార్లు చికిత్స ఉంటుంది.

2015లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దలు, పిల్లలు గల్ఫ్ వెళ్లగా ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఉన్నారు. వారి కోసం ఉన్న ఏర్పాట్లు వైద్య సిబ్బందికి తెలిస్తేనే వారిదాకా చేరతాయి. మా తరం నర్సింగ్ డిప్లొమా చదివే రోజుల్లో ఇవేవీ లేవు. అయినా ఇప్పుడు నేర్చుకోవడం మా బాధ్యత. ముఖ్యమైనవి ఇవి:

1. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రకారం, మంచం పట్టిన పెద్దలను సబ్‌సెంటర్ సిబ్బంది ఇంటికి వచ్చి చూడాలి. సేవ చేసే ఇంటివారికి పద్ధతులు నేర్పాలి.

2. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించకపోతే పెద్దలు ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. తాము వెళ్లలేకపోతే, వారు అనుమతించిన వేరొకరు చేయవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 60 ఏళ్లు దాటినవారికి వేరే క్యూ ఉండాలని కూడా ఈ చట్టంలో ఉంది.

3. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆదాయ పరిమితి లేదు. పథకంలో చేరిన ఆసుపత్రుల్లో అడ్మిట్ అయితే కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది.

4. సలహాకు, సహాయానికి వృద్ధుల ఉచిత ఫోన్ నంబరు 14567.

అయితే ఒక్క విషయం గమనించండి. రోజూ మంచం దగ్గరుండి చేసే సేవకు వయ వందన కార్డు డబ్బు ఇవ్వదు. ఆ భారం ఎక్కువగా కోడలి మీద, కూతురి మీద, ముసలి భార్య మీద పడుతుంది. వారికి నేర్పకుండా డిశ్చార్జి చేస్తే కొద్ది రోజుల్లోనే రోగి పడక పుండ్లతో తిరిగి రావచ్చు.

కాబట్టి ఇంటికి వెళ్లేముందు మమ్మల్ని ఇవి అడగండి:

• రెండు గంటలకొకసారి పక్క మార్చడం ఎలా?
• నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే ఏం చేయాలి?
• పొలమారకుండా కూర్చోబెట్టి తినిపించడం ఎలా?
• మందులు ఏవి, ఎన్ని రోజులు?
• మా ఊరి ఏఎన్ఎమ్‌కు ఎవరు తెలియజేస్తారు?

ఒకసారి చూపించి, మీ చేత చేయించమని అడగండి. ఇంట్లో సేవ చేసే మనిషి ఒక్కరే అయితే, వారానికి ఒక పూటైనా వేరొకరు ఆ పని అందుకోండి. సేవ చేసేవారు కూలబడితే రోగిని చూసే దిక్కుండదు. మొహమాటపడకుండా మా సిస్టర్లను అడగండి. చెప్పడం మా పనిలో భాగమే.